కట్ట కింద చౌడు

చౌడు నీళ్ళు సరిగ్గా కలిశాయో లేదో మా నాయినమ్మ రెండు వేళ్ళతో చెప్పేది. తొట్టిలో చెయ్యి ముంచి బొటనవేలూ చూపుడువేలూ రుద్దుకునేది. వేళ్ళు జారితే సరే. జారకపోతే ఇంకో గంప చౌడు. మరీ జారి వేళ్ళ కొసలు మండితే, "ఎక్కువైంది, బట్టను తింటది" అని రెండు కడవల నీళ్ళు పోయించేది. ఆ జారుడేమిటో నాకు డిగ్రీకి వచ్చాక గానీ తెలియలేదు. క్షారం మన చర్మం మీది నూనెను పట్టుకుని అక్కడికక్కడే సబ్బు చేసేస్తుంది. వేళ్ళ మధ్య జారేది చౌడు కాదు, మన ఒంటి జిడ్డుతో అప్పుడే పుట్టిన సబ్బు.

మాది నల్గొండ జిల్లాలో ఒక చెరువు కింది ఊరు. మేం రజకులం. ఊళ్ళో మమ్మల్ని అలా ఎవరూ పిలవలేదనుకోండి, సాకలోళ్ళనే అనేవారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా కాలేజీ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పాఠం చెబుతున్నన్నాళ్ళూ ఉదాహరణలన్నీ రేవు నుంచే తోచేవి. మొదట్లో కొన్నేళ్ళు మాత్రం సిగ్గుపడి చెప్పలేదు.

చౌడు ఎండాకాలపు సరుకు. చెరువు కట్ట కింద ఊటనీరు నేలలో నిలిచి, లోపలి లవణాలను కరిగించుకుని, ఎండకు పైకి పాకుతుంది. నీరు ఆవిరైపోతుంది, లవణం నేల మీద పొడిలా మిగులుతుంది. తెల్లవారుజామున, గాలి లేవకముందే గీకాలి. నాయినమ్మ తాటాకు చీపురుతో ఊడ్చి గంపకెత్తేది. ఒక్క వాన పడిందా, మళ్ళీ నేలలోకే. రైతుకు ఆ నేల శాపం. మాకు అదే సరుకు.

తెల్లగా కనబడిన చౌడల్లా బట్టకు పనికిరాదు. రైతులు పాలచౌడు, కారుచౌడు అని రెండుగా చెబుతారు. పాలచౌడులో మామూలు ఉప్పూ, దాని దాయాదులూ ఎక్కువ. ఎంత పోసినా మురికి కదలదు. కారుచౌడులో సోడియం కార్బొనేట్ ఉంటుంది, అంటే బట్టల సోడా. నాయినమ్మ చిటికెడు నాలుక మీద వేసుకుని తుపుక్కున ఊసేది. ఉప్పగా ఉంటే వదిలేసేది, చురుక్కుమని జిడ్డుగా తగిలితే గంప దించేది. ఇది చదివి ఎవరూ నాలుక మీద వేసుకోకండి. ఆవిడ పెదవులు ఏడాది పొడుగునా పగిలే ఉండేవి.

బట్టను తెల్లగా చేసే అసలు పని రేవులో కాదు, ముందురోజు రాత్రి ఉబ్బలో జరిగేది. సినిమాల్లో బండ మీద దబదబా బాదడమే చూపిస్తారు గానీ అది చివరాఖరి పని. ముందు బట్టలు చెరువు నీళ్ళలో ఝాడించాలి. తర్వాత చౌడు తేట నీళ్ళలో ముంచి, సగం పిండి, మెలిపెట్టి పక్కన పడేయాలి. గుంట పొయ్యి మీద బాన, బానలో నీళ్ళు. బాన మూతి చుట్టూ మెలిపెట్టిన బట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే గడ్డివాములా లేచేది. ముతక దుప్పట్లు అడుగున, సన్నబట్టలు పైన. మీద ఒక పాత గొంగడి కప్పేవాళ్ళు. కింద తుమ్మకంప, పత్తికట్టె. రాత్రంతా ఆవిరి ఆ వాములోంచి పైకి ఎక్కుతూ ఉండేది. నేనూ మా తమ్ముడూ మంట ఎగదోయడానికి కాపలా. మాసిన బట్ట ఉడుకుతుంటే వచ్చే వాసన నాకిప్పటికీ గుర్తే. ఉడికించిన చిలగడదుంపకూ చెమటకూ మధ్య ఎక్కడో ఉంటుంది.

అక్కడ జరిగేదేమిటి? బట్టకు పట్టిన జిడ్డు చాలావరకు మన ఒంటి నుంచి కారిన కొవ్వే. అందులో కొంత కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి ఉంటుంది. వేడి, తడి, క్షారం మూడూ రాత్రంతా పట్టుకుంటే ఆ కొవ్వు సబ్బుగా మారి, పక్కనున్న మట్టినీ మిగిలిన జిడ్డునూ లాక్కుని వదులైపోతుంది. అంటే రైతు పంచెను ఉతికే సబ్బు ఆ రైతు ఒంట్లోంచే వచ్చేది. బజారు నుంచి తెచ్చింది ఏదీ లేదు. పైగా వంద డిగ్రీలకు దగ్గరి ఆవిరిలో గంటల తరబడి ఉన్న బట్టలో పేను బతకదు, గజ్జి పురుగు బతకదు. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ పొత్తిగుడ్డలూ, పురుటి బట్టలూ మా ఇంటికే వచ్చేవి. వాటిని ముట్టుకుంటే మైల అనేవాళ్ళు ఆ మైలను పోగొట్టే పనిని మాత్రం మాకే అప్పగించారు.

నెత్తురు మరకల బట్టలను నాయినమ్మ నేరుగా ఉబ్బలో వేయనిచ్చేది కాదు. చన్నీళ్ళలో నానేసి, ఝాడించి, అప్పుడు. నెత్తురులో ఉన్నది ప్రొటీను. వేడి తగిలితే కోడిగుడ్డు గట్టిపడ్డట్టు గట్టిపడి నూలు పోగులకు అతుక్కుపోతుంది. పసుపు మరకది ఇంకో కథ. పసుపు అంటిన బట్ట చౌడు తగలగానే ఎర్రగా తిరిగేది. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసుకునే ఇళ్ళలో ఇది వింతేమీ కాదు. కొత్తగా వచ్చిన పంతులమ్మగారొకరు మాత్రం చీరకు రంగు అంటించామని గొడవకొచ్చారు. నాయినమ్మ ఆ చీరను ఎండలో రెండు రోజులు పరిచింది. ఎరుపూ పోయింది, పసుపూ పోయింది. "పసుపు సబ్బుకు పోదు, ఎండకు పోతది" అనేది. పసుపులోని రంగు పదార్థం వెలుతురుకు నిలవదు. ఇంతే సంగతి.

ఇక్కడొక మాట చెప్పాలి. మన పెద్దలకు సైన్సంతా ముందే తెలుసు అనే ధోరణి నాకు గిట్టదు. నాయినమ్మకు ఎందుకో తెలియదు, ఎప్పుడో తెలుసు. ఎంతసేపో తెలుసు. ఎక్కువైతే ఏమవుతుందో తన చేతుల మీద తెలుసు. అది చిన్న సంగతి కాదు. అలాగని దానికి లేని కిరీటం పెట్టనక్కరలేదు.

ఊళ్ళోని నూటయాభై గడపల బట్టలు ఒకే వాములో ఉడికేవి. తెల్లారాక ఎవరివి ఎవరివో ఎలా తెలియాలి? నల్లజీడి గుర్తు. జీడిపిక్కను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట అంచున గీత గీసి, మీద తడి సున్నం అద్దేది. కాసేపటికి గోధుమరంగు కాస్తా కాటుక నలుపు. పటేలు ఇంటికి రెండు గీతలు, ఒక చుక్క. కోమటి ఇంటికి ఇంటూ గుర్తు. కరణం ఇంటికి మూడు చుక్కలు, ముక్కోణంలా. చదువు రాని మనిషి నూటయాభై గుర్తులను నోటికి పెట్టుకుంది. జీడి రసంలో ఫీనాల్ జాతి పదార్థాలుంటాయి. గాలిలోని ఆక్సిజన్ తగిలితే అవి ఒకదానికొకటి అల్లుకుని నల్లటి జిగురుగా మారతాయి, సున్నం ఆ పనిని తొందర చేస్తుంది. ఒకసారి అల్లుకున్నాక చౌడు ఏమీ చేయలేదు, ఉబ్బ ఏమీ చేయలేదు. బట్ట చిరిగిపోయినా గుర్తు మిగిలేది. దిక్కులేని శవం దొరికితే పోలీసులు ముందు చొక్కా కాలరు తిప్పి చాకలి గుర్తు వెతికేవారు అందుకే.

జపాను వాళ్ళు చెక్క గిన్నెలకు పూసే లక్క మెరుగు, అమెరికాలో తగిలితే ఒళ్ళు పేలే విషపు తీగె, మన నల్లజీడి మూడూ ఒకే కుటుంబపు చెట్ల నుంచి వచ్చేవే. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశానికొచ్చిన అమెరికన్ సైనికులకు సరిగ్గా మెడ వెనక దద్దుర్లు లేచాయి. వెతగ్గా వెతగ్గా కాలరు లోపల చాకలి పెట్టిన గుర్తు కనబడింది. 1943లో వాళ్ళ వైద్య పత్రికలో దాన్ని ధోబీ మార్క్ డెర్మటైటిస్ అని రాసుకున్నారు. నాయినమ్మ చూపుడువేలు గోరు చుట్టూ చర్మం నల్లగా, చెక్కులా ఉండేది. దానికి ఏ పత్రికలోనూ పేరు పెట్టలేదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చాకళ్ళ మీద నిబంధనలున్నాయి. చెక్క పలకల మీదో నున్నటి రాళ్ళ మీదో ఉతకాలి, ఇంకెక్కడ ఉతికినా ఆరు పణాల జరిమానా, బట్ట పాడైతే దాని వెల అదనం. ఇంకొకటుంది. చాకలి వేసుకునే బట్ట మీద దుడ్డుకర్ర ముద్ర ఉండాలి. ఆ ముద్ర లేని బట్ట కట్టి కనబడితే మూడు పణాలు. ఊరి బట్టలన్నిటి మీదా గుర్తులు పెట్టేవాళ్ళ ఒంటి మీద రాజు ఒక గుర్తు పెట్టించాడన్నమాట. ఇది చదివిన రోజు లైబ్రరీ నుంచి బయటికొచ్చి టీ కొట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మా ఇంట్లో మా బట్టలకు అసలు గుర్తే ఉండేది కాదు. గుర్తు లేనిది మాది, అంతే లెక్క.

చరిత్ర పుస్తకాల్లో మచిలీపట్నం గురించి రాసేటప్పుడు నేతగాళ్ళ గురించి రాస్తారు, అద్దకం వాళ్ళ గురించి రాస్తారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తకశాల పెట్టింది ఆ బట్టల కోసమే. కానీ మగ్గం దిగిన బట్ట గంజితో, నూనెతో, మట్టిరంగుతో ఉంటుంది. అది తెల్లబడందే అద్దకం రంగు పట్టదు, ఓడ కూడా ఎక్కదు. ఆ మధ్యలో ఉన్నది చలువ చేసేవాళ్ళు. మద్రాసులో కంపెనీ బట్టలు చలువ చేసినవాళ్ళు ఉన్న చోటే వాషర్‌మన్‌పేట. అక్కడి తెలుగువాళ్ళ నోట చాకలిపేట. ఇప్పటికీ శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టను పేడనీళ్ళలో నానేసి, ఎండలో పరిచి, ఆరకుండా నీళ్ళు చల్లుతూ తెల్లబరుస్తారు. తడి, ఎండ, గాలి కలిసినప్పుడు ఆక్సిజన్ రంగును కొద్దికొద్దిగా విరగ్గొడుతుంది.

అదే కాలంలో ఐరోపా వాళ్ళేమీ గొప్పగా చేయలేదు. నారబట్టను బూడిద నీళ్ళలో ఉడికించి, పుల్లటి మజ్జిగలో నానేసి, పచ్చికబయళ్ళ మీద నెలల తరబడి పరిచేవారు. బట్టల కోసం అన్నన్ని ఎకరాలు! 1785లో ఫ్రాన్సులో బెర్తొలే క్లోరిన్ వాయువుతో బట్ట తెల్లబడుతుందని చూపాడు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ ఆ వాయువును సున్నంలో పట్టించి బ్లీచింగ్ పౌడర్ చేశాడు. నెలల పని రోజుల్లోకి వచ్చింది.

ఇక సోడా. పశ్చిమ ఐరోపాకు కట్ట కింద చౌడు లేదు. స్పెయిన్‌లో ఉప్పునేలల మొక్కలను, స్కాట్లాండులో సముద్రపు నాచును కాల్చి ఆ బూడిదతో గాజు, సబ్బు చేసుకునేవారు. అది చాలక ఫ్రెంచి ప్రభుత్వం మామూలు ఉప్పు నుంచి సోడా తీసినవాడికి బహుమతి ప్రకటించింది. 1791లో నికొలా లెబ్లాంక్ ఆ దారి కనిపెట్టాడు. ఉప్పును గంధకామ్లంతో, ఆ వచ్చినదాన్ని బొగ్గు, సున్నపురాయితో కాల్చాలి. అప్పటికే విప్లవం నడుస్తోంది. బహుమతి రాలేదు, ఫ్యాక్టరీ పోయింది, 1806లో తనను తాను కాల్చుకుని చచ్చిపోయాడు. 1861లో బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే ఉప్పునీరు, అమోనియా, సున్నపురాయితో చౌకదారి పట్టాడు. మన దేశంలో 1939లో గుజరాత్ తీరాన మిఠాపూర్‌లో టాటాలు పెట్టిన కార్ఖానా చేసిందీ సోడాయే. ఆ తెల్లటి పొడి మా ఊరి కోమటి కొట్టుకు గోనెసంచుల్లో వచ్చేసరికి నేను బడికి పోతున్నాను. మా వాళ్ళు దాన్ని "సీమ సౌడు" అన్నారు.

ఆ సీమ సౌడుతోనే నేను ఒక పని చేశాను. ఇంటర్ రెండో సంవత్సరం సెలవులు. సోడియం కార్బొనేట్ ఫార్ములా వచ్చు, కాబట్టి అన్నీ వచ్చనుకున్నాను. నాయినమ్మ అంగడికి పోయిన రోజు, ఒక పెద్దింటి పెళ్ళి పట్టుచీరకు నూనె మరక ఉంటే, వేడినీళ్ళలో సోడా దండిగా వేసి నానబెట్టాను. గంట తర్వాత తీస్తే మెరుపు లేదు, చేతికి తడి కాగితంలా తగిలింది. కొంగు దగ్గర గుంజితే చిరిగింది. నాయినమ్మ వచ్చి చూసి కొట్టలేదు. "పురుగు కక్కినదాన్ని చెట్టు కాసినదాన్లెక్క ఉడకబెడ్తవానే పోరీ?" అంది.

నూలు చెట్టుది, సెల్యులోజ్, క్షారానికి తట్టుకుంటుంది. పట్టు పురుగుది, ప్రొటీను, వేడి క్షారంలో తెగిపోతుంది. నేను పరీక్షలో రెండూ వేర్వేరు అధ్యాయాల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆవిడ ఒక్క వాక్యంలో పెట్టేసింది. ఆ ఇంటివాళ్ళు మా పనికి కూలిగా ఇచ్చే మేర గింజలు రెండేళ్ళు ఆపేశారు.

పట్టుకు, ఉన్నికి కుంకుడుకాయే. పిక్క తీసి దంచి గోరువెచ్చని నీళ్ళలో పిసికితే నురగ. ఆ తొక్కలో సపోనిన్లుంటాయి. వాటి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస కొవ్వును పట్టుకుంటుంది. సబ్బూ చేసేది అదే. తేడా ఏమిటంటే కుంకుడు రసం క్షారం కాదు, కాస్త పులుపు వైపే ఉంటుంది. పట్టుకు చెరుపు లేదు. పైగా మా బావి నీళ్ళలాంటి సవ్వనీళ్ళలో సబ్బు విరిగి తెల్లటి జిడ్డు తేలుతుంది, కుంకుడు విరగదు. కుంకుళ్ళు పిసికిన నీళ్ళు కుంటలో పోస్తే చిన్న చేపలు మత్తెక్కి తేలేవి. పిల్లలం ఆ పనీ చేశాం, తన్నులూ తిన్నాం.

నీలిమందు దగ్గర మన భాషే మనల్ని మోసం చేసింది. ఒకప్పుడు నీలి అంటే చెట్టు. కడప జిల్లా నీలి మద్రాసు రేవు నుంచి సీమకు పోయేది. 1897లో జర్మనీలో బీ.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టాక ఆ సాగు కూలింది. కానీ నేను పుట్టేనాటికి తెల్లబట్టకు ఆఖరి జాలింపులో వేసే నీలిమందు చెట్టుదీ కాదు, ఆ కృత్రిమ నీలీ కాదు. అది అల్ట్రామెరీన్. అఫ్ఘనిస్థాన్ కొండల్లో దొరికే లాపిస్ అనే నీలిరాయికి నకలు. 1828 నాటికి ఫ్రాన్సులో గిమే, జర్మనీలో గ్మెలిన్ దాన్ని మట్టి, సోడా, గంధకం కాల్చి చేసే పద్ధతి కనిపెట్టారు. ఈ తేడా పిల్లలకు చూపించడం నాకు సరదా. గాజునాళంలో చిటికెడు నీలిపొడి వేసి నాలుగు చుక్కలు పలచని ఆమ్లం పోసేదాన్ని. కళ్ళెదుటే నీలం వెలిసి బూడిదవన్నె అయ్యేది, కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమనేది. పిల్లలు ముక్కులు మూసుకునేవారు. ఆ వాసన గంధకానిది. నీలం రంగుకు కారణమూ ఆ గంధకమే, స్ఫటికం పంజరంలో ఇరుక్కుని ఉంటుంది. ఆమ్లం పంజరం విరగ్గొడితే రంగు పోతుంది, గంధకం వాసనగా బయటపడుతుంది. ఇంటికెళ్ళి నిమ్మరసంతో చేసి చూడమంటే, ఒకమ్మాయి వాళ్ళమ్మ చేత తిట్లు తిని వచ్చింది.

నీలిమందు మురికి పోగొట్టదు. కొంచెం పసుపు తిరిగిన బట్టకు కొంచెం నీలం అద్దితే కంటికి తెలుపుగా కనబడుతుంది, అంతే. ఇప్పటి పొడుల్లో ఉండే మెరుపు పదార్థాలు ఎండలోని కంటికి కనబడని కిరణాలను మింగి నీలి వెలుగుగా వదులుతాయి. మోసం అదే, పరికరం మారింది.

1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. 1959లో సర్ఫ్ వచ్చింది. ఈ రెండూ మా ఊరికి కబురుగానే వచ్చాయి, సరుకుగా రాలేదు. మమ్మల్ని కదిలించింది పసుపురంగు పొడి. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ అనే ప్రభుత్వోద్యోగి, ఆయనా రసాయనశాస్త్రం చదివినవాడే, ఇంటి పెరట్లో పొడి కలిపి సైకిల్ మీద తిరిగి అమ్మాడు. నిర్మా మా ఊరికి వచ్చిన రెండు మూడేళ్ళలో మేర ఇచ్చే ఇళ్ళు సగమయ్యాయి. ఆడవాళ్ళు బోరింగు దగ్గరే ఉతుక్కోవడం మొదలుపెట్టారు. నాకు బాధ కలగలేదు. రోజూ సాయంత్రం గిన్నె పట్టుకుని గడప గడపకూ అన్నానికి తిరగడం తప్పింది కదా. దొర ఇంటి బట్టలకు మేర కూడా ఉండేది కాదు, వెట్టి. ఆ వెట్టి రోజుల్లోనే పాలకుర్తిలో మా కులపు ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పొలం పంట ఇంటికి తెచ్చుకుంది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. పేరుకు ముందు 'చాకలి' అని కూడా ఉంచారు. పేపర్లో చూసి కత్తిరించి దాచాను.

చౌకరకం పొడుల్లో ఏముంటుందనుకున్నారు? డిటర్జెంట్ కొంత, మెరుపు కొంత, వాసన కొంత. పెద్ద వాటా మాత్రం సోడా యాష్. చౌడే. మా కట్ట కింద గీకడానికి ఎవరూ లేరు. నేలకు జిప్సం చల్లి, సోడియంను కాల్షియంతో తరిమి, వరి వేశారు. చౌడు ప్యాకెట్లోకి వెళ్ళింది.

హైదరాబాదులో మా ఇంట్లో మిషను ఉంది. దుప్పట్లు మాత్రం పనమ్మాయి బకెట్లో నానబెట్టి ఉతుకుతుంది. మొన్న అరచేతులు చూపించింది, వేళ్ళ సందుల్లో ఎర్రగా పగుళ్ళు. "పొడి మార్చినవా అమ్మా? మండుతున్నయి" అంది. వెళ్ళి బకెట్లో చెయ్యి ముంచి రెండు వేళ్ళూ రుద్దుకున్నాను. జారాయి, కొసలు చురుక్కుమన్నాయి.

"ఎక్కువైంది బిడ్డా," అన్నాను. "ఇంకో రెండు మగ్గుల నీళ్ళు పొయ్యి."